చేతులు ఖాళీ లేనివాళ్ల కోసం

చాలా తెలుగు ఇళ్లలో ఫోన్ మోగే వేళ ఒకటుంది. ఇక్కడ పొద్దున ఏడు గంటలు. స్టవ్ మీద ఒక పక్క పప్పు, ఇంకో పక్క పాలు. ఎండాకాలంలో అయితే ఆ సమయానికి డల్లాస్‌లో ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర. ఆఫీసు పని ముగించి, పిల్లలకు అన్నాలు పెట్టి, కూతురు కాస్త కూర్చుని అమ్మకు ఫోన్ చేసేది అప్పుడే. ఆమెకు చేతులు ఖాళీ అయ్యే వేళకు ఈమెకు రెండు చేతులూ చాలవు. మొబైల్‌కి వైర్‌లెస్ హెడ్‌సెట్ కొనడం దండగా కాదా అని ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది ఆ వంటగదే.

అక్కడున్న మనిషి ఫోన్‌ని చెవికీ భుజానికీ మధ్య నొక్కిపట్టి మాట్లాడుతుంది. పావుగంట గడిచేసరికి మెడ పట్టేస్తుంది. లేదంటే ఫోన్‌ని పోపుల డబ్బాకు ఆనించి స్పీకర్ ఆన్ చేస్తుంది. అసలు నష్టం అక్కడ జరుగుతుంది. "స్పీకర్‌లో పెట్టావా అమ్మా?" అని కూతురు అడుగుతుంది. పెట్టిందని తెలిశాక ఆ పిల్ల మాట్లాడే తీరే వేరు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అన్న భయం, ఒంట్లో నలత, మొగుడితో వచ్చిన మాటపట్టింపు, ఇవేవీ హాల్లో పేపర్ చదువుకుంటున్న నాన్నకీ, గిన్నెలు తోముతున్న పనమ్మాయికీ వినపడేలా చెప్పుకునేవి కావు. "అంతా బాగానే ఉందమ్మా, ఏం వండుతున్నావు?" అని పెట్టేస్తుంది. చెవిలో హెడ్‌సెట్ ఉంటే అమ్మ పప్పు మెదుపుతూనే "ఊఁ, చెప్పు" అంటుంది. అవతలి మాట ఆమె ఒక్కదానికే వినిపిస్తుంది. వెయ్యి, పదిహేను వందల రూపాయల్లో ఇంత మేలు చేసే వస్తువులు ఇంట్లో ఎక్కువ లేవని నా నమ్మకం.

ఇది చేతుల కోసం కొనాల్సిన వస్తువు. చెవుల కోసం అనుకుని కొనేవాళ్లే ఎక్కువగా నిరాశపడతారు. హెడ్‌సెట్ పుట్టిందే చేతులు ఖాళీ లేని మనుషుల కోసం. 19వ శతాబ్దం చివర్లో టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో ఆపరేటర్లు రెండు చేతులతో తీగలు పీకి, ఇంకో చోట గుచ్చి మనుషులను కలిపేవారు. రిసీవర్ పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు కాబట్టి దాన్ని తలకు తగిలించారు. మన ఇయర్‌ఫోన్ చివర ఉండే 3.5 మిల్లీమీటర్ల పిన్ను ఆ ఆపరేటర్లు గుచ్చిన పిన్నుకు చిన్న రూపమే. బ్లూటూత్ సంగతీ అంతే. 1994లో స్వీడన్‌లోని లుండ్ పట్టణంలో ఎరిక్సన్ కంపెనీలో యాప్ హార్ట్‌సెన్ అనే డచ్ ఇంజనీరూ, ఆయన తోటివారూ ఈ పని మొదలుపెట్టినప్పుడు ఉద్దేశం ఫోన్‌కూ దాని పక్క పరికరాలకూ మధ్య తీగ తీసెయ్యడం. మొదట్లో వచ్చిన బ్లూటూత్ హెడ్‌సెట్లు ఒక చెవికి తగిలించుకుని మాట్లాడేవి. స్టీరియో పాటలు తర్వాత వచ్చి చేరాయి.

మా పిన్ని తణుకులో బ్లౌజులు కుడుతుంది. ఆమె మెడలో నెక్‌బ్యాండ్ పొద్దున వేసుకుంటే రాత్రికే తీస్తుంది. "ఎప్పుడిస్తావు వదినా", "చేతులు కాస్త వదులు చెయ్యక్కా" అంటూ ఫోన్లు వస్తూనే ఉంటాయి. సూది కింద బట్ట నడుస్తున్నప్పుడు చెయ్యి తీస్తే కుట్టు వంకర పోతుంది. ఆమె కాలు ఒక్క క్షణం ఆపి, బటన్ నొక్కి జవాబు చెప్పి, మళ్లీ తొక్కుతుంది. నిచ్చెన మీదున్న ఎలక్ట్రీషియన్‌కీ, గ్రీజు చేతుల మెకానిక్‌కీ, చంటిపిల్లను భుజాన వేసుకుని జోకొడుతున్న తల్లికీ ఇలాంటిదే అవసరం. వీళ్లకు కొనడం విషయంలో నాకు ఏ సందేహమూ లేదు.

కుర్చీలో కూర్చుని పాటలు వినేవాళ్ల సంగతి వేరు. వెయ్యి రూపాయల వైర్ ఇయర్‌ఫోన్లో ఆ డబ్బంతా ఇంచుమించు శబ్దం మీదే పెడతారు. అదే వెయ్యికి వైర్‌లెస్ కొంటే ఆ డబ్బులోనే బ్యాటరీ, రేడియో చిప్పు, మైకు, ఛార్జింగ్ డబ్బా అన్నీ రావాలి. శబ్దానికి మిగిలేది తక్కువ. పైగా పాటను కుదించి గాలిలో పంపాలి కాబట్టి కొంత పోతుంది, కొంత ఆలస్యమవుతుంది. సినిమా చూసేటప్పుడు ఆ ఆలస్యాన్ని చాలా యాప్‌లు సర్దేస్తాయి. ఆటల్లో మాత్రం తుపాకీ పేలిన తర్వాత చప్పుడు వినిపిస్తుంది. ఫోన్‌కి పిన్ను పెట్టే రంధ్రం ఉండి, కదలకుండా వినే అలవాటుంటే వైరే మేలు. 2016లో ఐఫోన్ 7 ఆ రంధ్రాన్ని తీసేశాక చాలా కంపెనీలు అదే దారి పట్టాయి. అలాంటి ఫోన్లలో చాలావాటికి సి-టైప్ పిన్ను ఉన్న ఇయర్‌ఫోన్లు దొరుకుతాయి. రంధ్రం లేదన్న ఒక్క కారణంతో వైర్‌లెస్ కొనక్కర్లేదు.

కొనేవాళ్లకు ఎవరూ గట్టిగా చెప్పని విషయం మైకు. పాట అద్భుతంగా వినిపించిన హెడ్‌సెట్టే ఫోన్ ఎత్తగానే బొంగురుపోయినట్టు మారడం చాలామంది గమనించే ఉంటారు. పాత పద్ధతి బ్లూటూత్‌లో పాటది ఒక దారి, మాటది ఇంకో దారి. పాట ఒకవైపే వెళ్తుంది కాబట్టి దానికి చోటెక్కువ. మాట రెండువైపులా నడవాలి కాబట్టి ఇరుకు. సీడీలో శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి దాస్తే, తొలినాటి బ్లూటూత్ కాల్‌లో గొంతును 8,000 సార్లే కొలిచేవారు, తర్వాత అది 16,000కు పెరిగింది. దీనికితోడు మైకు ఉండేది నోటి దగ్గర కాదు, చెవి దగ్గరో మెడ దగ్గరో. ఫ్యాను, చిమ్నీ, కుక్కర్ విజిల్ అన్నీ దానిలో పడతాయి. ఆ రొదను తీసెయ్యబోయి లోపలి చిప్పు మన మాట చివరలు కూడా కోసేస్తుంది. మనకేమో అవతలి గొంతు శుభ్రంగా వినిపిస్తూనే ఉంటుంది. అవతలివాళ్లకు మనం నూతిలోంచి మాట్లాడుతున్నట్టుంటుంది. మొహమాటపడి చెప్పరు. అందుకే కొట్లో కొంటే పాట పెట్టి చూసి తృప్తిపడకూడదు. రోడ్డు మీదికి వచ్చి ఇంటికి ఫోన్ చేసి, "నా మాట తెలుస్తోందా?" అని అడగాలి. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే, తిప్పి పంపే గడువు ఉండగానే ఆ పని చెయ్యాలి.

సంగీతం క్లాసుల విషయంలో ఇది ఇంకా తీవ్రం. గురువుగారు రాజమండ్రిలో, పిల్ల న్యూజెర్సీలో ఉండి జూమ్‌లో సరళీ వరుసలు నేర్చుకోవడం ఇప్పుడు మామూలే. శ్రుతిపెట్టె ఆగకుండా ఒకే నాదం ఇస్తుంది. రొదను తీసేసే ఏర్పాటుకు ఏసీ హోరుకూ శ్రుతికీ తేడా తెలియదు, రెండింటినీ నొక్కేస్తుంది. దీర్ఘంగా నిలిపిన షడ్జాన్ని కూడా మధ్యలో మింగేస్తుంది. పిల్ల శ్రుతి తప్పిందో యంత్రం తినేసిందో గురువుగారికి తెలియదు. అక్కడ వైర్ ఇయర్‌ఫోన్, జూమ్‌లో "ఒరిజినల్ సౌండ్" ఎంపిక, ఈ రెండూ ఎంత ఖరీదైన ఇయర్‌బడ్స్ కన్నా నయం. ప్రతి కుటుంబమూ క్లాసు మొదటి రోజే తెలుసుకోవాల్సిన సంగతి ఇది.

వంటగదిలో ఇంకో చిక్కుంది. బ్లూటూత్, వైఫై, మైక్రోవేవ్ ఓవెన్ మూడూ 2.4 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కలే పనిచేస్తాయి. గొడవ లేని చోటు వెతుక్కుంటూ బ్లూటూత్ సెకనుకు 1,600 సార్లు దాకా ఛానెల్ మారుతుంది. అయినా ఓవెన్ నడుస్తున్నప్పుడు పక్కనే నిలబడితే మాట తెగిపోవచ్చు. మన ఒంట్లోని నీరు కూడా ఆ తరంగాలను పీల్చుకుంటుంది. ఫోన్ ఒక పక్క జేబులో, మైకున్న బడ్ ఇంకో పక్క చెవిలో ఉంటే గొంతు తెగుతుందని కొందరనేది అందుకే. వస్తువు పాడైందనుకునే ముందు ఫోన్‌ని ఈ జేబులోంచి ఆ జేబులోకి మార్చి చూడాలి.

బండి మీద మాత్రం వద్దు. హెడ్‌సెట్ చేతులను ఖాళీ చేస్తుంది గానీ ధ్యాసను ఖాళీ చెయ్యదు. అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో డేవిడ్ స్ట్రేయర్ 2001లో ప్రచురించిన ప్రయోగాల్లో, డ్రైవింగ్ లాంటి పని చేస్తూ ఫోన్ మాట్లాడినవాళ్లు ఫోన్ చేత్తో పట్టుకున్నా, హ్యాండ్స్‌ఫ్రీ పెట్టుకున్నా ఒకేలా తడబడ్డారు. చెడగొట్టేది చెయ్యి కాదు, సంభాషణ. మన మోటారు వాహనాల చట్టంలోని 184వ సెక్షన్‌కి 2019లో చేసిన సవరణ చేత్తో పట్టుకున్న ఫోన్‌ని ప్రమాదకర డ్రైవింగ్ కింద చేర్చింది. దాన్ని చూసి చెవిలోది అయితే ఫరవాలేదని చాలామంది అనుకుంటారు. వెనక వచ్చే లారీ హారన్ వినపడని మనిషికి చట్టం ఏమంటే ఏం? ఫుడ్ డెలివరీ చేసే కుర్రాళ్లు నెక్‌బ్యాండ్ లేకుండా పని చెయ్యలేమంటారు. అది వాళ్ల ఇష్టం మీద ఆధారపడి లేదు. కస్టమర్ "ఎక్కడున్నావు" అని ఫోన్ చేసినప్పుడల్లా ఎత్తక తప్పదు వాళ్లకు. కాబట్టి ఆ ఫోన్ చెయ్యకుండా ఆగాల్సింది మనం.

డబ్బు లెక్కకొస్తే, హెడ్‌సెట్ ధరను ఏళ్లతో భాగించి చూసుకోవాలి. ఇయర్‌బడ్‌లో ఉండేది శనగగింజంత లిథియం బ్యాటరీ. రోజూ ఛార్జింగ్ పెట్టి వాడితే రెండు, మూడేళ్లలో దాని సత్తువ తగ్గుతుంది, చాలావాటిలో విప్పి మార్చే వీలుండదు. అందుకని ఇరవై వేలవి కొన్నా రెండు వేలవి కొన్నా ఆయుష్షు ఇంచుమించు ఒకటే. నా ఓటు నెక్‌బ్యాండ్‌కి. బ్యాటరీ పెద్దది, చెవిలోంచి జారినా మెడలోనే ఉంటుంది, డబ్బా ఎక్కడ పెట్టామో వెతుక్కోనక్కర్లేదు. ఇయర్‌బడ్సే కావాలంటే ఒకటి చెవిలో, ఇంకొకటి డబ్బాలో ఛార్జింగ్‌లో పెట్టి మార్చి మార్చి వాడటం మంచిది. ఎక్కువసేపు వస్తాయి, రెండో చెవికి పాలు పొంగే చప్పుడూ కాలింగ్ బెల్లూ వినిపిస్తాయి.

రేడియేషన్ గురించి పెద్దవాళ్లు భయపడతారు. మామూలు బ్లూటూత్ హెడ్‌సెట్ శక్తి రెండున్నర మిల్లీవాట్ల పరిధిలో ఉంటుంది. మొబైల్ ఫోన్ సిగ్నల్ దొరకనప్పుడు అంతకు వందల రెట్లు పంపగలదు. మన టెలికాం శాఖ మొబైల్ వాడకం మీద ఇచ్చిన సలహాల్లోనే తక్కువ శక్తి బ్లూటూత్ హెడ్‌సెట్ వాడమని ఉంది. భయపడాల్సింది వాల్యూమ్‌కి. పెద్దవాళ్లకు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటల వరకూ ఫరవాలేదని, 90 దగ్గర నాలుగు గంటలే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆర్టీసీ బస్సులో ఇంజన్ రొదను మించి వినాలని మనం పెంచేది ఆ తొంభైకే. రోజూ బస్సులో రెండేసి గంటలు వెళ్లొచ్చేవాళ్లు నాయిస్ క్యాన్సిలేషన్ ఉన్నవి కొనడం దండగ కాదు. ఇంజన్ హోరులాంటి ఎడతెగని శబ్దాన్ని అది బాగా తగ్గిస్తుంది కాబట్టి వాల్యూమ్ పెంచాల్సిన పని పడదు.

వినికిడి మందగించిన పెద్దవాళ్లకు రెండు చెవుల్లోనూ వినిపించే హెడ్‌సెట్ ఫోన్‌లో మాట తెలియడానికి నిజంగా సాయపడుతుంది. అలాగని అది వినికిడి యంత్రం కాదు. టీవీ సౌండు పెంచుతూ పోతున్న నాన్నకు హెడ్‌సెట్ కొనిచ్చి ఊరుకోకుండా చెవి డాక్టరుకు చూపించాలి. ఇప్పటి వినికిడి యంత్రాల్లో చాలావాటికి బ్లూటూత్ ఉంది, ఫోన్ కాల్ నేరుగా వాటిలోకే వస్తుంది. ఆయనకు కావాల్సింది అదే కావచ్చు.

అమ్మానాన్నలకు హెడ్‌సెట్ కొనేవాళ్లు ఆర్డర్ పెట్టి పంపితే పని సగమే అయినట్టు. చాలా ఇళ్లలో అది నెల తిరక్కుండా బీరువాలోకి చేరుతుంది. కారణం ఒక్కటే. హెడ్‌సెట్ ఆన్‌లోనే ఉండి పడకగదిలో పడి ఉంటుంది. హాల్లో ఫోన్ మోగుతుంది, అమ్మ ఎత్తి "హలో హలో" అంటుంది, ఏమీ వినపడదు. మాట పడకగదిలోని హెడ్‌సెట్‌లోకి పోతోందని ఆమెకు తెలియదు. రెండుసార్లు అలా జరిగితే "దీనివల్ల ఫోన్ పాడైంది" అని పక్కన పెట్టేస్తుంది. ఈసారి ఇంటికి వచ్చినప్పుడు మీరే ఫోన్‌తో కలిపి ఇవ్వండి. కాల్ వచ్చినప్పుడు తెర మీద బ్లూటూత్ గుర్తు నొక్కి మాటను మళ్లీ ఫోన్‌లోకి తెచ్చుకోవడం ఆమె చేతే చేయించండి. వాడనప్పుడు ఆఫ్ చెయ్యడం, రాత్రి ఛార్జింగ్ పెట్టడం చూపించండి. తర్వాత మీరు డాబా మీదికి వెళ్లి ఫోన్ చెయ్యండి. ఆమె బటన్ నొక్కి మీతో మాట్లాడుతూ పాలు దించేదాకా ఆ కాల్ పెట్టెయ్యకండి.