నాటుకోడికి ఏం కాదంట!

"నాటుకోడికి ఏం కాదండీ, గట్టిది."

ఈ మాట మీలో చాలామంది వినే ఉంటారు. ఇదే మాట మనుషుల మీద ఎన్నిసార్లు వాడారో ఒకసారి గుర్తు చేసుకోండి. "కూలోళ్ల ఒళ్లు గట్టిది." "వాళ్లకి అలవాటేనండీ." 2020లో కరోనా రోజుల్లోనూ విన్నాం: "బస్తీల్లో వాళ్లకి ఇమ్యూనిటీ ఎక్కువ, వాళ్లకేం కాదు." వినడానికి పొగడ్తలాగే ఉంటుంది. గట్టివాడికి మందు అక్కర్లేదు కదా, మాస్కు అక్కర్లేదు కదా, మంచి గాలి అసలే అక్కర్లేదు కదా!

నేను చదివింది తెలుగు సాహిత్యం, పీహెచ్‌డీ కూడా అందులోనే. పశువైద్యం నా సబ్జెక్టు కాదు. కానీ నా డిగ్రీ ఫీజుల్లో కొంత మా అమ్మ కోళ్లు కట్టాయి. వాటి ఊపిరి గురించి తెలుసుకోవడం నా బాకీ అనిపించి చదివాను. ఈ వారం అదే రాస్తున్నాను.

మాది పశ్చిమ గోదావరి. మా పేటలో అమ్మ తొమ్మిదో పదో పెట్టల్ని పెంచేది. చలికాలం వచ్చిందంటే రాత్రిపూట గూట్లోంచి గురగుర వినపడేది. "ఎర్రపెట్టకి పట్టేసిందే" అని మంచం మీంచే చెప్పేసేది అమ్మ. పొద్దున చూస్తే ముక్కులో చీమిడి, కంట్లో నురగ, నోరు తెరిచి ఊపిరి తీసుకోవడం. ఒకసారి ఆ పెట్టను చంకన పెట్టుకుని పశువుల ఆసుపత్రికి వెళ్తే అక్కడాయన దాన్ని ముట్టుకోలేదు. "నాటుకోళ్లకి ఏం కాదమ్మా, అవే తేరుకుంటాయి. మందు పొట్లాలు ఫారాల లెక్కలో వస్తాయి. నీ పది కోళ్ల కోసం విప్పమంటావా?" అన్నాడు. "సరే బాబుగారూ" అని తిరిగొచ్చేసింది.

ఆ చలికాలం నాలుగు పెట్టలు పోయాయి. మిగిలిన వాటిని చూసి "చూశావా, గట్టివి" అన్నారు అందరూ. పోయిన నాలుగూ ఆ లెక్కలోకి రాలేదు. గట్టితనం లెక్క ఎప్పుడూ మిగిలినవాళ్లతోనే కడతారు.

ఆ గురగురకి కారణాలు చాలా ఉంటాయి. వాటిలో ముఖ్యమైనది మైకోప్లాస్మా గల్లిసెప్టికమ్ అనే బ్యాక్టీరియా. ఇది తెచ్చే జబ్బుని ఫారాలవాళ్లు సీఆర్‌డీ అంటారు. దీర్ఘకాలం పీడించే శ్వాస జబ్బు అని అర్థం. ఈ బ్యాక్టీరియాకి కణం చుట్టూ గోడ ఉండదు. కాబట్టి ఆ గోడ మీద దెబ్బకొట్టే పెన్సిలిన్ జాతి మందులు దీన్నేమీ చేయలేవు. పైగా తన ఒంటి మీది ప్రోటీన్లను మార్చుకుంటూ ఉంటుంది. కోడి ఒంట్లో తయారైన యాంటీబాడీలు ఒక వేషాన్ని గుర్తుపట్టేసరికి ఇంకో వేషం కడుతుంది. అందుకే తేరుకున్నట్టు కనిపించిన కోడిలోనూ అది నక్కి ఉంటుంది. చలి, ఆకలి, ఇరుకు, వేరే జబ్బు, ఏది మీద పడినా మళ్లీ లేస్తుంది. దగ్గే కోడి నుంచి పక్క కోడికి పోతుంది, గుడ్డులోంచి పిల్లకీ పోతుంది. "అవే తేరుకుంటాయి" అన్నది అంత తేలిగ్గా అనేయాల్సిన మాట కాదు.

మరి కోడికి రక్షణ లేదా? ఉంది. గాలిగొట్టం లోపల సన్నటి నూగు ఉంటుంది. మన సైన్సు పుస్తకాల్లో శైలికలు అని చదువుకున్నాం. వాటి మీద పల్చటి జిగురు పొర. దుమ్మూ క్రిములూ ఆ జిగురుకి అంటుకుంటే, ఈ నూగు చీపురులా ఊడ్చి పైకి తోసేస్తుంది. ఈ ఊడ్పు ఆగిపోతే క్రిములు ఊపిరితిత్తుల్లోకీ, అక్కడ్నించి కడుపుదాకా పరుచుకున్న గాలిసంచుల్లోకీ దిగుతాయి. ఆ సంచుల్లో మామూలు రోజుల్లో కాపలా కణాలు చాలా తక్కువ. క్రిమి దిగాక రక్తంలోంచి పరుగెత్తుకు రావాలి. వచ్చి పోరాడిన చోట చీము మనకిలా కారదు, జున్నుముక్కలా గడ్డకడుతుంది. ఇలా ముదిరి చచ్చిన కోడిని కోసి చూస్తే కనపడేది అదే.

అంటే మొదటి కాపలా ఆ చీపురు. దాన్ని పాడుచేసేది అమ్మోనియా. తడిసిన రెట్టలోంచి వచ్చే ఘాటు అదే. షెడ్డు గాలిలో ఇది 25 పిపిఎం, అంటే పది లక్షల పాళ్లలో 25 పాళ్లు, దాటకూడదంటారు. అంతకు మించి రోజులు గడిస్తే నూగు దెబ్బతిని రాలిపోతుంది. అప్పుడు మైకోప్లాస్మా దిగుతుంది, దాని వెనకే ఈ.కోలి. ఈ ఈ.కోలి మామూలుగా కోళ్ల పేగుల్లో ఉండేదే, రెట్టలోంచి దుమ్ములోకి చేరేదే. నిన్నటిదాకా పక్కనే ఉన్నది, చీపురు పోగానే ప్రాణం తీస్తుంది.

మా అమ్మకి పిపిఎం తెలీదు. గూట్లో తలపెట్టి చూసేది. "నాకే కళ్లు మండుతుంటే అవెట్టా ఉంటాయే?" అనేది. రెట్ట గీకించి పొడి బూడిద చల్లించేది. గురక పట్టినదాన్ని విడిగా గంప కింద మూసేది. పశువైద్య పుస్తకాలు చెప్పేదీ అదే: గాలి ఆడాలి, నేల పొడిగా ఉండాలి, జబ్బుదాన్ని వేరుచేయాలి.

పెద్ద ఫారాల్లో గాలి మార్చడం ఖర్చు. అందుకని చాలాచోట్ల దాణాలోనూ నీళ్లలోనూ యాంటీబయాటిక్స్ కలిపారు. మనుషులకి చివరి ఆశగా దాచుకోవాల్సిన కోలిస్టిన్ కూడా కోళ్లకి పోశారు. 2019 జూలైలో కేంద్రం దాన్ని కోళ్లకీ, చేపలకీ, తినే పశువులకీ వాడొద్దని నిషేధించింది.

గట్టితనం పుట్టుకతో వస్తుందనేవాళ్లకి ఆ కోడే ఇంకో జవాబు చెప్తుంది. పిల్లకి తల్లి నుంచి పచ్చసొనలో యాంటీబాడీలు వస్తాయి. అవి పనిచేసేది రెండు మూడు వారాలే. ఆ తర్వాత సొంతంగా తయారుచేసుకోవాలి. ఆ పని నేర్చుకునే కణాలు కోడి తోక కింద, మలద్వారం దగ్గరున్న చిన్న సంచిలో తయారవుతాయి. ఫాబ్రీషియస్ దాని గురించి రాసింది 1621లో అచ్చయింది గానీ, అదెందుకుందో మూడు వందల ఏళ్లకు పైగా ఎవరికీ తెలీదు. అమెరికాలో బ్రూస్ గ్లిక్ ఆ సంచి తీసేసిన కోళ్లను, తోటి విద్యార్థి తిమోతీ చాంగ్ క్లాసులో యాంటీబాడీలు చూపించడానికి అడిగి తీసుకున్నాడు. చాలా కోళ్లలో యాంటీబాడీలు రానే లేదు! ఆ వ్యాసాన్ని సైన్స్ పత్రిక తిప్పి పంపింది. 1956లో కోళ్ల పెంపకం పత్రికలో వచ్చింది. ఏళ్లపాటు పెద్ద శాస్త్రవేత్తలు పట్టించుకోలేదు. ఇవాళ మనిషి ఒంట్లో కూడా యాంటీబాడీలు చేసేవాటిని బీ కణాలంటాం. ఆ 'బీ' కోడి సంచి పేరైన బర్సాలోంచి వచ్చిందే. నేర్చుకునే చోటు తీసేస్తే జాతి ఎంత గట్టిదైనా రక్షణ రాదని కోడి చెప్పింది. కోళ్ల పత్రికలో చెప్పిందని లోకం వినలేదు.

మా మావయ్య ఒక లేయర్ ఫారంలో రెట్ట ఎత్తేవాడు. పైన బోనుల్లో కోళ్లు, కింద నెలల తరబడి పేరుకున్న రెట్ట. ముక్కుకి తువ్వాలు తప్ప ఇంకేమీ లేదు. "వాడికి అలవాటేనండీ" అనేవాడు యజమాని. నిజమే, అలవాటయింది, ముక్కుకి. అమ్మోనియా కాసేపు పీల్చాక ముక్కు దాన్ని పట్టించుకోవడం తగ్గిస్తుంది. ఊపిరితిత్తులకి అలాంటి అలవాటేదీ లేదు. మావయ్య యాభై దాటకముందే రాత్రిళ్లు కూర్చుని నిద్రపోయేవాడు, పడుకుంటే ఊపిరాడక.

మ్యాన్‌హోల్లో హైడ్రోజన్ సల్ఫైడ్ ఇంకా దుర్మార్గమైనది. మోతాదు పెరిగితే వాసన పట్టే శక్తినే చంపి, తర్వాత మనిషిని చంపుతుంది. పాకీపని నిషేధ చట్టం 2013లో వచ్చింది. మురుగు కాలువలో చనిపోయినవాళ్ల కుటుంబానికి 10 లక్షలివ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. అలవాటే అయితే ఈ చావులేంటి?

కాబట్టి మిత్రులారా, ఎవరైనా "వాళ్లకేం కాదు" అంటే గట్టితనం గురించి వాదనకి దిగకండి. పోయినవాళ్లని లెక్కపెట్టారా అని అడగండి. అక్కడి గాలి ఎవరు కొలిచారని అడగండి. ఆ గూట్లో నువ్వు ఒక్క నిమిషం తల పెడతావా అని అడగండి. ఈ మూడో ప్రశ్నకి ఏ పరికరమూ అక్కర్లేదు.