బుజ్జి గోదారి దాటుతుందా?

తెలుగు సినిమాలో హీరో తర్వాత ఎక్కువ విజిల్స్ పడేది బండికే. 'ఆర్ఆర్ఆర్'లో వంతెన మీద భీమ్ తోలిన మోటార్ సైకిల్, 'పుష్ప'లో పాల ట్యాంకరు, 'కల్కి 2898 ఏడీ'లో బుజ్జి. థియేటర్ బయటికొచ్చి టీ తాగేటప్పుడు కూడా మన మాటలు వాటి గురించే. కానీ ఈ బండ్లన్నిటికీ ఒక సుఖం ఉంది. డైరెక్టర్ ఆగమంటేనే ఆగుతాయి. టైరు పంచరైనా, ఇంజను మొరాయించినా అది కథకి పనికొస్తేనే జరుగుతుంది.

మరి అదే బండిని టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటలోకి తెస్తే? ఈ ఆట తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో చెప్తా. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్లు తలో పాత్ర తీసుకుని "నేనిప్పుడు ఇది చేస్తా" అంటారు. అది కుదిరిందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి. 1974లో అమెరికాలో 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'తో మొదలైంది. 'స్ట్రేంజర్ థింగ్స్'లో పిల్లలు బేస్‌మెంట్‌లో కూర్చుని ఆడేది అదే. ఇక్కడ స్క్రిప్టు ఉండదు. బండి ఎక్కడైనా ఆగిపోవచ్చు. అసలు మజా అదే.

హైదరాబాద్‌లో ఆఫీసు వాళ్లతో ఈ ఆట రెండేళ్లుగా ఆడుతున్నా. కిందటి ఎండాకాలం బూర్గంపాడులో అమ్మమ్మ ఇంటికి పోయినప్పుడు మావాళ్లతో మొదలుపెట్టా. ఇంటర్ చదివే చెల్లి, ఐదో తరగతి తమ్ముడు (ఇద్దరూ పిన్ని పిల్లలే), పక్కింటి కుర్రాళ్లు ఇద్దరు. కథ నడిచే చోటు మాకు తెలిసిందే: ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం. ఎక్కాల్సిన బండ్లు మాత్రం సినిమావి.

చింతపిక్కలే పాచికలు

ఇరవై ముఖాల పాచికలు బూర్గంపాడులో ఎక్కడ దొరుకుతాయి? అష్టాచెమ్మా ఆడే నాలుగు చింతపిక్కలు తీసుకున్నాం. ఒక వైపు అరగదీస్తే తెల్లగా అవుతాయి కదా, అవే. రెండు వైపులా సమానంగా పడతాయనుకుంటే మొత్తం 16 రకాలుగా పడొచ్చు. అందులో ఒకటి పడేది 4 సార్లు, రెండు పడేది 6 సార్లు, మూడు పడేది 4 సార్లు. నాలుగూ తెల్లగా పడే చెమ్మ ఒక్కసారి, నాలుగూ బోర్లా పడే అష్ట ఒక్కసారి.

దీన్నిబట్టి రూల్ రాసుకున్నాం. ఒకటి పడితే పని చెడుతుంది. రెండు పడితే పని అవుతుంది, కానీ ఏదో ఒకటి పోతుంది. మూడు పడితే పని శుభ్రంగా అయిపోతుంది. చెమ్మ, అష్ట పడితే విజిల్ వేసే సీను. అన్నిటికన్నా ఎక్కువగా పడేది రెండే. మంచి ఛేజింగ్ సీను కూడా అంతే కదా. హీరో తప్పించుకుంటాడు, కానీ అద్దం పగులుతుంది.

బండికి కాదు, రోడ్డుకి లెక్క చూడండి

బుజ్జి నిజంగా తయారైన బండి. మహీంద్రా వాళ్లు, కోయంబత్తూరు జయెమ్ ఆటోమోటివ్స్ కలిసి కట్టారు. బరువు 6 టన్నులు, పొడవు 6 మీటర్లకి కాస్త ఎక్కువ, వెడల్పు 3.38 మీటర్లు, రెండు ఎలక్ట్రిక్ మోటార్లు, 94 కిలోవాట్ల పవర్, 9,800 న్యూటన్ మీటర్ల టార్క్. ఈ అంకెలన్నీ కాగితం మీద దించితే చూడ్డానికి భలే ఉంటాయి. ఆటలో టార్క్‌తో ఎవరికీ పని పడదు. పని పడేది వెడల్పుతో.

మన దేశంలో సింగిల్ లేన్ రోడ్డు వెడల్పు 3.75 మీటర్లు. అంటే అడవిలో అలాంటి రోడ్డు మీద బుజ్జి పోతుంటే రెండు పక్కలా కలిపి మిగిలేది జానెడున్నర. ఎదురుగా ఆర్టీసీ బస్సు వస్తే? పక్కింటి కుర్రాడు ప్రభాస్ లెవెల్లో "స్పీడ్ పెంచుతా" అన్నాడు. చెల్లి నవ్వి "పెంచి ఎక్కడికి పోతావ్, బస్సులోకా?" అంది. ఆ ఒక్క ప్రశ్నతో అరగంట ఆట నడిచింది. బరువూ అంతే. తారు రోడ్డు మీద 6 టన్నులంటే దర్జా, కిన్నెరసాని ఇసుకలో దిగితే అదే శాపం.

అందుకే మా కాగితం మీద ప్రతి బండికీ మూడే వరుసలు. ఏం చేయగలదు, ఏం చేయలేదు, ఎవరి మాట వింటుంది. బండిని కూడా ఒక పాత్రలాగే చూడొచ్చు అన్నది 'ఫేట్ కోర్' అనే ఆటలోని సూత్రం. బుజ్జికి అది అచ్చంగా సరిపోయింది. సినిమాలో కీర్తి సురేష్ గొంతుతో భైరవతో వాదించేది బుజ్జే కదా. మా ఆటలో బుజ్జి చెల్లి. స్టీరింగ్ కుర్రాడిది, నోరు చెల్లిది. అతను "దూకించు" అంటే ఈమె "బ్యాటరీ ఎవరు పెడతారు, మీ నాన్నా?" అనేది.

'పుష్ప' ట్యాంకరు బలం దాని స్పీడ్ కాదు, దాని కడుపులో రహస్యం. ఎర్రచందనం మా అడవిలో పెరగదు, అది శేషాచలం వైపు. మాకు టేకు. దారిలో మూడు చెక్‌పోస్టులు పెట్టాం. ఒక్కోటి దాటేకొద్దీ అనుమానం ఒక గీత పెరుగుతుంది. మూడో చెక్‌పోస్టు దగ్గర చెల్లి పాత్ర మార్చేసి "ఇప్పుడు నేను ఫారెస్ట్ ఆఫీసర్‌ని" అంది. సినిమాలో మనం ట్యాంకరు లోపల కూర్చుని చూస్తాం. ఇక్కడ బయట నిలబడి దాన్ని ఆపేవాళ్లు కూడా మనలో ఒకరే. కథ రుచే మారిపోయింది.

'ఆర్ఆర్ఆర్' వంతెన సీను నుంచి మేం తీసుకున్నది గుర్రాన్నీ కాదు, బైకునీ కాదు, తాడుని. ఇద్దరు ఒకే తాడు పట్టుకుంటే ఇద్దరూ పిక్కలు వేయాలి, ఒకరి తప్పుని రెండోవాళ్లు మోయొచ్చు. ఛేజింగులకి 1983 నాటి 'జేమ్స్ బాండ్ 007' ఆటలోని వేలంపాట పద్ధతి వాడాం. కాకపోతే మా పాటలో డబ్బుల్లేవు. "నా అద్దం పందెం", "నా డోరు పందెం", "నా డోరు, వెనక సీటు కూడా పందెం". ఎక్కువ పోగొట్టుకోడానికి సిద్ధపడినవాడే ముందుంటాడు.

బావ అడిగిన ప్రశ్న

మా మామయ్య కొడుకు ట్రాక్టరు తోలుతాడు. రోజూ సాయంత్రం మంచం మీద పడుకుని ఫోన్ చూసుకుంటూ మా గోల వినేవాడు. మూడో రోజు అన్నాడు: "ఇయ్యన్నీ సరేగానీ బావా, గోదారొస్తే మీ బుజ్జి ఏం చేస్తది?"

గోదారొచ్చింది అంటే మా వైపు అర్థం వేరు. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఈ మూడు అంకెలు ఇక్కడ చిన్నపిల్లలకి కూడా నోటికొచ్చు. 1986లో 75.6 అడుగులొచ్చింది. 2022 జూలైలో 71.3 వచ్చింది. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. బూర్గంపాడు మునిగింది. అప్పుడు పిన్నివాళ్లని బయటికి తెచ్చింది బావ ట్రాక్టరే.

మర్నాడు ఆటలో విలన్ని తీసేశాం. కాగితం మీద 43, 48, 53, 71 అని నాలుగు గళ్లు గీశాం. ఎవరికైనా ఒకటి పడ్డప్పుడల్లా నీళ్లు తర్వాతి గడిలోకి వస్తాయి. ట్రాక్టరుకి కూడా కాగితం రాద్దామన్నా. బావే చెప్పాడు: "సైలెన్సర్ పైకుంటది, అందుకే నీళ్లల్లో నడుస్తది. ఖాళీ ట్రాలీ అయితే తేలి పక్కకి లాగుద్ది. జనం నిండా ఉంటే నేలని పట్టుకుంటది." అలా ఏ సినిమా బండికీ లేని వరుస ఒకటి మా ట్రాక్టరు కాగితంలో చేరింది: జనం ఎక్కేకొద్దీ బలం పెరుగుతుంది.

బుజ్జి నడుములోతు నీళ్ల దగ్గర ఆగిపోయింది. ట్రాక్టరు వీధి చివరి దాకా పోయి జనాన్ని ఎక్కించుకుంది. నీళ్లు 53 గడిలో ఉన్నాయి. అప్పటిదాకా పెద్దగా మాట్లాడని తమ్ముడు అడిగాడు: "అన్నా, దూడని కూడా ఎక్కించుకోవచ్చా?"

పిన్ని వంటింట్లోంచి తొంగి చూసింది. 2022లో వాడికి ఏడేళ్లు. దూడ తాడు విప్పి వదిలేసి ట్రాక్టరు ఎక్కారు. నీళ్లు తీశాక అది కనపడలేదు. వాడు దాని గురించి ఇంట్లో ఎప్పుడూ ఎత్తలేదు.

నేను రూల్ చెప్పేలోపే బావ ఫోన్ పక్కన పెట్టి వచ్చి కూర్చున్నాడు. "ట్రాక్టరు నేను తోల్తా. నువ్వు దూడని పట్టుకో," అన్నాడు. పిక్కలు తమ్ముడు వేశాడు. రెండు పడింది. పని అవుతుంది, ఏదో ఒకటి పోతుంది. ఏం పోవాలో ఎంచుకోమన్నా. "బియ్యం బస్తాలు పోనీ," అన్నాడు వాడు, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా. చెల్లి కాగితం మీద బస్తాలు కొట్టేసి, ట్రాలీలో 'దూడ' అని రాసింది.

ఇది ఆటే. పోయిన దూడ తిరిగి రాదు. కానీ వాడికి ఆ రోజు లేని ఒక ఛాన్సు ఇక్కడ దొరికింది: వెనక్కి తిరుగుదామా అని వాణ్ని ఒకరు అడిగారు. సినిమా చూసేటప్పుడు ఆ మాట మనల్ని ఎవరూ అడగరు. హీరో తిరిగితే చప్పట్లు కొడతాం, తిరక్కపోతే పాప్‌కార్న్ తింటాం.

మీరూ ట్రై చేయాలనుకుంటే పెద్ద ఖర్చేం లేదు. నాలుగు చింతపిక్కలు, నోట్‌బుక్, ఒక పెన్ను. మీకు నచ్చిన సినిమా బండిని తీసుకోండి. దాన్ని న్యూయార్క్‌లోనో దుబాయ్‌లోనో కాకుండా మీ ఊరి రోడ్డు మీద నడపండి. మీ ఊళ్లో బండ్లు ఎక్కడ దిగబడతాయో మీకంటే బాగా తెలిసినవాళ్లు ఇంట్లోనే ఉంటారు. వాళ్లనీ కూర్చోబెట్టండి. ఆఖరికి స్టీరింగ్ ఎవరి చేతికి పోతుందో చూడండి.