కిరాయి బండి, సూద్ కాగజ్



మూడు నెలల సంది ఇంట్ల ఒకటే ముచ్చట. కరెంటు బండి తీసుకుందామా, వద్దా? తీసుకుంటే ఎట్ల? ఆఖరికి ఒక ఫైసలా అయింది. మన ఇండ్లల్ల చాలామందికి ఇదే మస్‌లా ఉన్నదని తెలిసి, అయిన సంగతి అయినట్టు రాస్తున్న.

నా నౌకరీ మందుల కంపెనీల. కరీంనగర్‌ల కాపురం. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి నా రోజువారీ తొవ్వ. నెలకు ఒకటి రెండుసార్లు నిర్మల్ మీదికెళ్ళి ఆదిలాబాద్. ఆదిలాబాద్‌ల భాయిజాన్, భాభీ, వాళ్ళతోని అబ్బా ఉంటరు. అన్నీ కలిపితే నెలకు పద్దెనిమిది వందల కిలోమీటర్లు. నా పాత డీజిల్ బండి 2015 నాటిది. డీజిల్‌కే నెలకు పదివేలు దాటుతది. ఎన్ని మందులు అమ్మితే ఆ పదివేలు వస్తయో నాకు తెలుసు.

ఫికర్ పుట్టింది మాత్రం డీజిల్ ఖర్చు వల్ల కాదు, దిల్లీ ఖబర్ వల్ల. 2025 జూలై 1 నుంచి పదేండ్లు దాటిన డీజిల్ బండ్లకు అక్కడ బంకుల్ల డీజిల్ పొయ్యొద్దని హుకుం వచ్చింది. లొల్లి అయింది. పది రోజులు తిరగకముందే వాయిదా పడ్డది. దిల్లీ ఎక్కడ, కరీంనగర్ ఎక్కడ? అయినా నా బండికి కూడా పదేండ్లు నిండినయి. ఇయాల అక్కడ వచ్చిన కానూన్ రేపు ఇక్కడికి రాదని ఏం భరోసా?

నేను హిసాబ్ వేసిన. తెలంగాణ సర్కారు 2020ల ఎలక్ట్రిక్ బండ్ల పాలసీ తెచ్చినప్పుడు రోడ్ టాక్స్ మాఫీకి ఒక గిన్తీ పెట్టింది. మొదటి ఇన్ని కార్లకే అని. 2024 నవంబర్ 18 నుంచి ఆ గిన్తీ తీసేసిన్రు. 2026 డిసెంబర్ 31 దాకా ఎన్ని బండ్లు కొన్నా రోడ్ టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూరా మాఫీ. పద్నాలుగు లక్షల పెట్రోల్ బండికి లైఫ్ టాక్సే రెండు లక్షలు దాటుతది. జీఎస్టీ కరెంటు బండికి 5 శాతమే. కాని 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న పెట్రోల్ బండ్ల జీఎస్టీ 28 నుంచి 18కి దిగింది. అంటే రెండింటి నడుమ ఫరక్ తగ్గింది. ఒక చేత్తోని ఇటు గుంజుతరు, ఇంకో చేత్తోని అటు గుంజుతరు. నడుమల నౌకరీ మనిషి కాలిక్యులేటర్ పట్టుకొని కూసుంటడు.

ఇంకో ముచ్చట చూసి నవ్వాల్నో ఏడ్వాల్నో తెలియలే. 2019 నుంచి 2023 మార్చి దాకా మంజూరైన కరెంటు బండి లోన్లకు ఇన్‌కమ్ టాక్స్‌ల లక్షన్నర దాకా రాయితీ ఉండె. దేని మీద? లోన్ మీద కట్టే వడ్డీ మీద. సూద్ కట్టినోనికి ఇనామ్. సూద్‌కు దూరంగా ఉండి, పైసా పైసా జమ చేసి కొన్నోనికి ఏం లేదు. ఎవ్వరూ మనల్ని యాది పెట్టుకొని గట్ల చెయ్యలే. మనం వాళ్ళ హిసాబ్‌ల లేము, అంతే.

అబ్బా సింగరేణిల ముప్పై ఏండ్లు బొగ్గు తవ్విండు. తనఖా పెట్టలే, వడ్డీకి తేలే. చెల్లె షాదీకి కూడా అంతే. ఆయనకు ఫోన్‌ల కరెంటు బండి సంగతి చెప్తే గట్టిగ నవ్విండు. "అరె బేటా, రామగుండంల మా బొగ్గు కాలబెడితేనే కదా కరెంటు వచ్చేది. నీ బండి కూడా బొగ్గు బండే" అన్నడు. మాట అబద్ధం కాదు. రామగుండం ఎన్‌టీపీసీ పాత ప్లాంటే 2,600 మెగావాట్లు. అదే చెరువు మీద 2022ల 100 మెగావాట్ల సోలార్ పలకలు తేలేసిన్రు. ఎక్కడి 2,600, ఎక్కడి 100! అయినా కరెంటు బండికి పొగ గొట్టం లేదు. ఇస్కూలు ముంగట, దవాఖాన ముంగట నా బండి పొగ ఇడువది. నేను రోజూ పోయేది దమా పేషెంట్లు లైన్ కట్టే క్లినిక్‌లకే. బయట ఇంజన్ నడిపిచ్చుకుంట లోపల ఇన్‌హేలర్ల గురించి చెప్పుడు నాకే షరమ్ అనిపిస్తది.

పైసలు ఎట్ల మరి? లోన్ వద్దు. అప్పుడు మా కంపెనీ హెచ్ఆర్ మేడమ్ ఒక రాస్తా చెప్పింది. లీజు. బండి లీజు కంపెనీ కొంటది. ఆర్‌సీ వాళ్ళ పేరు మీదనే ఉంటది. నాలుగేండ్లు నెలకు ఇంత అని నా తనఖాల కట్ అయితది. లోన్ లేదు, ఈఎంఐ లేదు, కిరాయి మాత్రమే. నా దిల్ ఖుష్ అయింది. కిరాయి అంటే ఇజారా. ఇల్లు కిరాయికి తీసుకున్నట్టే బండి. హలాలే కదా!

ట్రయల్‌కు ఇచ్చిన బండి తీసుకొని నిర్మల్ దాటి మహబూబ్ ఘాట్ ఎక్కిన. ఎక్కేటప్పుడు బ్యాటరీ దబదబ దిగింది, దిగేటప్పుడు కొంచెం తిరిగొచ్చింది. లోపల చప్పుడు లేదు. పిల్లలు "అబ్బూ, గిదే తీసుకో" అన్నరు. సంతకం పెట్టుడే తరువాయి.

ఇరవై రెండు పేజీల కాగజ్ వచ్చింది. మనం ఎవ్వరం చదువం కదా. నేనూ చదవకపోదును. ఆ రాత్రి కరెంటు పోయి నిద్ర పట్టక ఫోన్‌ల చదివిన. నాలుగు మాటలు గొంతుల ముల్లు లెక్క ఇరికినయి. ఒకటి, కిరాయి లేట్ అయితే ఏడాదికి 24 శాతం లెక్కన అదనం. రెండు, బండి చోరీ అయినా, కాలిపోయినా, ఇన్సూరెన్స్ ఇచ్చింది పోను మిగిలిన నాలుగేండ్ల కిరాయి నేనే కట్టాలె. మూడు, సర్కారు టాక్స్ మార్చితే ఆ బరువు నా మీదనే. నాలుగు, ఆఖరుకు ఇంత రకం ఇచ్చి బండి నేనే కొనాలె. కొంటానని కాదు, కొనాలె.

జుమా నాడు అసర్ తర్వాత మా మొహల్లా మస్జిద్‌ల ముఫ్తీ సాబ్ ముంగట ఆ కాగజ్ పెట్టిన. ఆయన ఫత్వా చెప్పలే, నన్నే సవాళ్ళు అడిగిన్రు.

"బండి ఎవరిది?"

"లీజు కంపెనీది, హజ్రత్."

"కాలిపోతే నుక్సాన్ ఎవరికి?"

నేను చుప్.

"రిపేర్‌కు నెల రోజులు షెడ్‌ల పడితే కిరాయి ఆగుతదా?"

"ఆగది."

"ధర పడిపోతే?"

"నేనే కొనాలె కదా, నాకే."

ఆయన నవ్విన్రు. "మిల్కియత్ వాళ్ళది, జిమ్మేదారీ నీది. ఇది ఎసొంటి మిల్కియత్ బేటా?" అన్నరు. మన బస్టాండ్‌ల ఎలక్ట్రిక్ బస్సులు చూసినవా అని అడిగిన్రు. 2024 సెప్టెంబర్‌ల 35 బస్సులు కరీంనగర్‌కు వచ్చినయి కదా. అవి ఆర్టీసీ కొన్నవి కావు. బస్సు కంపెనీది, డ్రైవర్ కంపెనీ మనిషి, బ్యాటరీ ఫికర్ కంపెనీది. కండక్టర్ ఆర్టీసీ మనిషి. తిరిగిన కిలోమీటరుకు ఇంత అని ఆర్టీసీ కడతది. బస్సు నడవకపోతే ఆ రోజు కమాయి మాలిక్‌కు లేదు. "కిరాయి అంటే గిట్ల ఉండాలె. ఫాయదా తినేటోడే నుక్సాన్ కూడా మొయ్యాలె" అన్నరు.

2000 సంవత్సరంల రియాద్‌ల కూసున్న ఇంటర్నేషనల్ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ ఇదే మస్‌లా మీద ఫైసలా చేసిందని కూడా ఆయన చెప్పిన్రు. ఆఖరుకు మిల్కియత్ వచ్చే ఇజారా కూడా జాయిజే. కాని కిరాయి, అమ్మకం వేరేవేరే అఖ్ద్‌లు ఉండాలె. వస్తువు జిమ్మేదారీ మాలిక్ మీద ఉండాలె. కిరాయి ముసుగుల అమ్మకం కావద్దు.

నేను ఆ నాలుగు మాటలు మార్చుమని లీజు కంపెనీకి మెయిల్ పెట్టిన. మర్యాదగనే జవాబిచ్చిన్రు. ఇది అందరికీ ఒకటే కాగజ్ సార్, ఒక్కరి కోసం మార్చలేము అని. నేను దస్తఖత్ పెట్టలే. పిల్లలు రెండు రోజులు నాతోని మాట్లాడలే.

ఈ ఖబర్ భాయిజాన్‌కు చేరింది. ఆయన ఫోన్ చేసిండు. "నా దగ్గర ఆరు లక్షలు ఉన్నయి. సగం నేను పెడత. ఇద్దరం షరీక్‌లం. నా సగానికి కిరాయి ఇచ్చుకుంట, మెల్లమెల్లగ నా హిస్సా కొనుక్కో" అన్నడు. ముఫ్తీ సాబ్‌ను అడిగితే ఇది సాఫ్ రాస్తా అన్నరు. నేను ఆదిలాబాద్ పోయిన. డిసెంబర్ చలి. బయట మంట పెట్టుకొని కూసున్నం. అన్నీ ఖాయం అయితున్నయి. అప్పుడు భాభీ చాయ్ ఇచ్చుకుంట నెమ్మదిగ అడిగింది.

"భయ్యా, రేపు సర్కారు రూల్ మార్చితే, కొత్త బ్యాటరీలు వచ్చి పాత బండి ధర సగం అయితే, ఆయన హిస్సా గూడ సగం అయితదా?"

"అయితది భాభీ."

"అవి బిటియా షాదీ పైసలు" అన్నది. ఇంకేం అనలే. లోపలికి పోయింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలే. మిల్కియత్ ఉన్నోడే నుక్సాన్ మొయ్యాలె అని కంపెనీతోని కొట్లాడిన నేను, ఆ నుక్సాన్‌ను ఇప్పుడు ఎవరి నెత్తిన పెడుతున్న? కాగజ్ మీద కంపెనీ ఉన్నప్పుడు అది ఉసూల్. ఇక్కడ అది ఒక ఆడపిల్ల షాదీ. షరీయత్ ప్రకారం భాయిజాన్ మాటల ఐబ్ లేదు. ఐబ్ ఉన్నది నా షౌక్‌ల. పద్నాలుగు లక్షల బండి నాకు ఎందుకు? నూటికి ఎనభై రోజులు నేను పోయేది జగిత్యాలకే. రానుపోను వంద కిలోమీటర్లు.

పొద్దుగాల ఫజర్ తర్వాత భాయిజాన్‌కు వద్దని చెప్పిన. ఆయన జిద్ చేసిండు. నేను వినలే. భాభీ నాస్తాకు రెండు పరాఠాలు ఎక్కువ వేసింది.

డీజిల్ బండి అమ్మిన. జమ చేసినయి కలిపిన. ఇంకా తక్కువ పడ్డ లక్షన్నర అబ్బా ఇచ్చిండు, ఖర్జె హసనా. ఆయనే కాగితం తెమ్మని, ఎప్పటిలోపల తిరిగి ఇస్తవో రాయుమన్నడు. "నేను నీకు కొడుకునే కదా" అన్న. "ఖురాన్ మజీద్‌ల అన్నిటికంటె పెద్ద ఆయత్ దేని గురించి ఉన్నదో ఎరుకేనా? ఖర్జ్ రాసుకునుడు గురించి" అన్నడు. సూరె బఖరా, 282. ఇద్దరు గవాలు, భాయిజాన్, భాభీ.

చిన్న బండి కొన్న. టీజీ 02, పచ్చ పలక, తెల్ల అక్షరాలు. లైఫ్ టాక్స్ సున్నా. ఇంటి పదిహేను యాంపియర్ల సాకెట్‌కు రాత్రి పెడితే తెల్లారేసరికి నిండుతది. స్లాబ్ పెరిగి కరెంటు బిల్లు ఎక్కువనే వస్తున్నది, అయినా డీజిల్ ఖర్చుల మూడో వంతు కూడా కాదు. ఆదిలాబాద్‌కు మాత్రం బస్సులనే పోతున్న. సోన్ కాడ గోదారి దాటేటప్పుడు కిటికీలకెళ్ళి చూసుకుంట పోవచ్చు. డ్రైవింగ్ చేసినన్ని దినాలు ఆ నీళ్ళ దిక్కు చూసిందే లేదు.

నేను పాక్ సాఫ్ అయిన అంటలేను. ఇన్సూరెన్స్ కానూన్ ప్రకారం కట్టాలె, కట్టిన. తనఖా బ్యాంకులనే పడుతది. తప్పించుకోలేనివి ఎన్నో ఉన్నయి, అల్లాహ్ మాఫ్ చెయ్యాలె. కాని తప్పించుకోగలిగింది ఒకటి ఎదురొస్తే, ఇరవై రెండు పేజీలు చదువుడన్న మన చేతుల ఉన్నది కదా. డిసెంబర్ 31 అని షోరూమ్‌లోళ్ళు జల్దీ చేపిస్తరు. పాలసీలు మారుతయి. మనం దస్తఖత్ పెట్టిన కాగజ్ మారది. లీజు అన్నోనికల్లా ముఫ్తీ సాబ్ అడిగిన సవాలే వెయ్యుండ్రి: బండి కాలిపోతే నుక్సాన్ ఎవరికి?

అబ్బాకు ఇప్పటికి మూడు కిస్తులు ఇచ్చిన. ప్రతిసారి కాగితం తీసి, అద్దాలు పెట్టుకొని, తారీఖు ఏసి, నవ్వుతడు. "నీ బొగ్గు బండి మంచిగ నడుస్తున్నదా?" అంటడు.

అల్‌హందులిల్లాహ్, నడుస్తున్నది.