గలగల బంతి మైదానము

గుంటూరు సీమలో రాచబాట వెంబడి నెలకొన్న ఒక అంధబాలుర పాఠశాలకు, అచ్చటి వ్యాయామోపాధ్యాయుని ఆహ్వానమున, మాఘమాసపు ఉదయమొకనాడు నేనును నా మిత్రుడొకరును వెళ్ళితిమి. భవనమును గూర్చి విశేషించి చెప్పవలసినది లేదు. అట్టి భవనములు మన జిల్లా కేంద్రములన్నిటను గలవు. చూడవలసినదంతయు దాని వెనుకనున్నది. పల్లేరుకాయలు ఏరివేసి, రోలరు త్రిప్పి చదునుచేసిన నల్లరేగడి నేలమీద 22 గజముల పిచ్, దానికి రెండు కొనల నారింజ రంగు పూసిన లోహపు స్టంపులు, వానిచుట్టు తెల్లని దుస్తులలో బాలురు కనబడిరి.

ఉపాధ్యాయుడు ముందుగా బంతిని నా చేతికిచ్చెను. అది తెల్లని గట్టి ప్లాస్టిక్కుతో చేసినది. లోపల ఉక్కు గుండ్లు వేసి మూసివేసినందున, కదలినప్పుడెల్ల ఎండిన సొరబుర్రలోని గింజలవలె గలగలలాడును. కదలక నిలిచెనా, మూగవోవును. 1922 ప్రాంతమున మెల్బోర్ను నగరమున, కర్మాగారమున పనిచేయు ఇద్దరు అంధులు తగరపు డబ్బాలో రాళ్ళు పోసి, దానినే బంతిగా చేసికొని క్రికెట్టు ఆడిన నాటినుండి నేటివరకును మారినది డబ్బాయే కాని ఉపాయము కాదు.

జట్టునకు పదునొకండుగురే. వారిలో నలుగురికి తక్కువ గాకుండ సంపూర్ణాంధులుండవలెను. వీరిని బీ-వన్ అందురు. రెండుమూడు మీటర్ల మేర ఆనవాలు పట్టగలవారు బీ-టూ, ఆరు మీటర్ల వరకు చూడగలవారు బీ-త్రీ. బీ-వన్ ఆటగాడు తీసిన ఒక్క పరుగు రెండుగా లెక్కకు వచ్చును. అతనికి బదులు పరుగెత్తుటకు వేరొకడుండును. ఒక్కమారు నేలతాకి లేచిన బంతిని అతడు పట్టినను అది క్యాచే. ఇదియంతయు జాలిచే ఇచ్చిన రాయితీ యని కొందరు తలంతురు, నాకట్లు తోచలేదు. ఓవర్లలో నూటికి 40 వంతులు బీ-వన్ వారే వేయవలెనను నియమమును గూడ జతపరచి చూచినచో, చూపు బొత్తిగా లేనివానిని ప్రక్కన కూర్చుండబెట్టి గెలుపొందు దారి ఈ యాటలో ఎవ్వరికిని మిగులలేదని తేలును.

నల్ల కళ్ళద్దములు ధరించిన పదునైదేండ్ల బాలుడొకడు బ్యాటింగునకు వచ్చి, బ్యాటు పిడితో వెనుకనున్న స్టంపులను మెల్లగా తాకి చూచుకొని, అచ్చటినుండి అడుగుకొలతన ముందునకు జరిగి నిలిచెను. ఆవలి కొనన బౌలరు చేతికి దిక్కు చూపుటకై వికెట్‌కీపరు చప్పట్లు కొట్టుచు "ఇటన్నా, ఇటు" అని పిలిచెను. "రెడీయా?" యని బౌలరు, "రెడీ" యని బాలుడు, "ప్లే" యన్న కేకతోడనే, భుజముక్రిందుగా విసరిన బంతి పిచ్ సగము దాటకమున్నే నేలతాకి గలగలమని దొరలివచ్చెను. సగము దాటిన పిదప తొలిసారి నేల తాకిన అది నోబాలగును. బాలుడు మోకాలొకటి నేలకానించి, గడ్డము రొమ్మునకు దించి, బ్యాటును నేలకు అడ్డముగా పరచి ఊడ్చినట్లు త్రిప్పెను. ఇదియే స్వీపు షాటు. అంధుల క్రికెట్టున దీనికి మించిన ఆయుధము లేదు. దేహమంతయు బంతి చప్పుడు వచ్చు త్రోవకు అడ్డుగా నిలుచుటచేతనే అది పొసగుచున్నది.

బంతి లెగ్‌సైడున పరుగిడుచుండగనే నా మిత్రుడు "శభాష్!" అని బిగ్గరగా అరచెను. దానికడ్డముగా నేలపై బోర్లపడిన ఫీల్డరు చేతికి బంతి అందలేదు. అతడు దుమ్ము దులుపుకొనుచు లేచి, "సార్, బంతి ఆగేదాకా మాట్లాడకండి సార్. నాకు వినపళ్ళేదు" అనెను. అంపైరుతో మాటలాడు ఆటగాని మర్యాద అతని గొంతులో నుండెను. కొంతసేపటికి రాచబాటన పోవు లారీ హారను మ్రోగినప్పుడు, ఉపాధ్యాయుడు "పోనీరా, మళ్ళీ వెయ్యి" అని చేయెత్తెను. అట్లు ఆ యుదయమున ఆట ఎన్నిమారులు ఆగెనో! చూపుగలవారి ఆటను మసక వెలుతురు చెరచునట్లు ఈ యాటను రొద చెరచును. అయినను వెలుతురు తగ్గినదని ఆట ఆపుటకు నియమములు వ్రాసికొన్న మనము, రొదను గూర్చి ఎన్నడును తలపము.

ఆ బాలురు మాటమాటకును తలచుకొను పేరు అజయ్‌కుమార్ రెడ్డి. గుంటూరు జిల్లావాడు. 2018లో షార్జాలో జరిగిన అంధుల ప్రపంచ కప్పు ఫైనలున 308 పరుగుల లక్ష్యమును ఛేదించి పాకిస్తానును రెండు వికెట్లతో ఓడించిన భారత జట్టునకు నాయకుడు. 2023 సంవత్సరపు అర్జున పురస్కారమును పొందినవాడు. 2025 నవంబరులో కొలంబోలో అంధ మహిళల తొలి టీ-ట్వంటీ ప్రపంచ కప్పును గెలిచిన భారత జట్టున మన మన్యపు పాంగి కరుణకుమారియు గలదు. ఇంతటి ఆటగాండ్రను కన్న సీమలో, లారీల రొద చొరని మైదానమొకటి ఈ బాలురకు దొరకకుండుట నాకు వింతగా తోచెను.

మెల్బోర్ను అంధులకు 1928 నాటికే కూయాంగులో తమదైన మైదానము సమకూడినది. మన పురపాలక సంఘములవారు క్రొత్తగా క్రీడాస్థలములు కేటాయించునప్పుడు, ఊరికి ఎడముగా, రహదారికి దూరముగా నున్న ఎకరములు కొన్ని ఇట్టి పాఠశాలలకు విడువవలెనని నా మనవి. ఈలోగా ఆ యాట చూడబోవు పాఠకులు బంతి ఆగిన పిమ్మటనే చప్పట్లు చరతురుగాక.