కాలువలోని రాయి

కొన్ని సంవత్సరముల క్రిందట మా తరగతి బాలుడొకడు, పొలములో దొరికినదని యొక నల్లని రాతిని తెచ్చి మా బల్లపై నుంచెను. మేము దానిని చేతికైనను తీసికొనక, “ఇది కొలిమి చిట్టెము, పాఱవేయుము” అంటిమి. వాడు మాఱుమాటాడక కాలువలో విసరివైచెను.

పిమ్మట ఉల్కాశిలలనుగూర్చి చదివి సిగ్గుపడితిమి. 1803 ఏప్రిల్ 26వ తేదీన ఫ్రాన్సుదేశమున లేగిల్ పట్టణము చెంత వేలకొలది రాళ్లు రాలెను. ఆకసమునుండి రాళ్లు పడునన్న పల్లెవారి మాటను పండితులు పలువు రప్పటికి నమ్మరైరి. బియో అను శాస్త్రజ్ఞుడు మాత్రము పల్లెపల్లె దిరిగి, చూచినవారు చెప్పినది శ్రద్ధగా విని, రాళ్లు పడిన చోట్లను గుర్తించెను. ఆ నేల కోడిగ్రుడ్డువలె కోలగా, సుమారు 10 కిలోమీటర్ల పొడవున నుండెను.

ఇట్లేల యనగా, రాయి మీదనే పగిలినప్పుడు చిన్న తునుకలను గాలి త్వరగా నిలుపును. అవి ముందే రాలును. బరువైనవి తమ వేగముచే దూరము పోవును. కావున వెదకువారు దొరకిన ప్రతి రాతి చోటును పటముపై గుర్తించి, ఏ దిక్కున రాళ్లు పెద్దవగుచున్నవో చూచి యా దారి పట్టుదురు. 2013లో రష్యాలోని చెల్యాబిన్‌స్క్ ప్రాంతమున మంచులోని చిన్న రంధ్రములే వారికి గుఱుతులైనవి. 500 కిలోలకు మించిన పెద్దతునుకను చెబర్కుల్ సరస్సునుండి పైకి దీసిరి.

పైన పలుచని నల్లపెంకు, పరిమాణమునకు మించిన బరువు, అయస్కాంతమున కంటుట: ఇవి చూడవలసిన గుఱుతులు. చిట్టెమును సయిత మయస్కాంతము లాగవచ్చును గాని, దానియందు బుడగల రంధ్రములుండును.

ఆ బాలుని రాయి చిట్టెమే కావచ్చును. అయస్కాంతము మాత్ర మానాడు మా బల్ల సొరుగులోనే యుండెను.