సగం దగ్గర ఆగిన ముల్లు

మా నాన్న కారు 1997 మోడల్ మారుతి 800. దాని పెట్రోలు ముల్లు ఎప్పుడూ సగం దగ్గరే ఉంటుంది. నిండా పోయించినా సగమే, ట్యాంకు ఎండినా సగమే. నాన్న ఉన్నన్నాళ్లూ అదొక సమస్య కాలేదు. ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో, ఎంత మిగిలిందో ఆయన మనసులో లెక్క ఉండేది. "ముల్లును చూడకు, నన్నడుగు" అనేవాడు. అమ్మా నేనూ అడిగేవాళ్లం. తమ్ముడికి మాత్రం ఇంటర్‌లోనే నల్లగొండ ఎన్.జి. కాలేజీ గ్రౌండులో స్టీరింగు చేతికిచ్చాడు. నాకు నలభై దాటాక, నాన్న పోయాక, ఆ కారు వచ్చింది. తమ్ముడికి కొత్త కారుంది కాబట్టి వచ్చింది. కారు వచ్చింది కానీ ఆ లెక్క రాలేదు.

నేను మహబూబ్‌నగర్‌లో పాఠాలు చెప్తాను. అమ్మ నల్లగొండలో ఒక్కతే ఉంటుంది. పోయినేడు పత్తి ఏరే రోజుల్లో అమ్మను వెంటబెట్టుకుని బయలుదేరాను. మల్లేపల్లి దాటాం. కల్వకుర్తి ఇంకా రాకముందే బండి రెండు జర్కులిచ్చి ఆగిపోయింది. ముల్లు సగం దగ్గర నిశ్చింతగా ఉంది.

బైకు మీద పోతున్న ఇద్దరు ఆగి, "మగోళ్లెవరు లేరా అమ్మా ఎంట?" అన్నారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇల్లు అద్దెకు అడిగినప్పుడు విన్న ప్రశ్నే. లేరని చెప్పాను. వాళ్లు వెళ్లిపోయారు. కాస్త దూరంలో కిరాణా కొట్టు నడిపే ఆమె లీటరు సీసా తనే పట్టుకొచ్చింది. ఖాళీ నీళ్ల సీసా అడుగు కోసి గరాటు చేసి పోసింది.

బండి కదిలింది. పది కిలోమీటర్లు పోయి ఎత్తు ఎక్కుతుండగా మళ్లీ ఆగింది. దారిలో మరో లీటరు పోయించాను, అయినా అంతే. పది నిమిషాలు ఊరుకుంటే దానంతటదే స్టార్టయ్యేది. జడ్చర్ల చేరేలోగా మూడుసార్లు ఇలాగే. ప్రతిసారీ అమ్మ, "నాకేం కాలే బిడ్డా, మంచిగనే ఉన్న" అంటూనే ఉంది. దారిలో దిగాల్సి వస్తుందని పొద్దుటి నుంచీ ఆమె గుక్కెడు నీళ్లు తాగలేదని ఇల్లు చేరాక తెలిసింది.

"అమ్మెయ్ అక్కా, ఆడదానివి, పాత బండేసుకుని ఒక్కదానివి ఎందుకు తిరుగుతవ్" అన్నాడు తమ్ముడు ఫోనులో. మర్నాడు మెకానిక్కు దగ్గరికి తీసుకుపోయాను. "బండి పెట్టిపోండి, సారును పంపితే మాట్లాడుత" అన్నాడు. సారు లేడు, నేనే మాట్లాడతాను, నేనే చూస్తాను అని స్టూలు లాక్కుని కూర్చున్నాను. అతను పెద్దవాడు. కాసేపు చూసి నవ్వాడు. ఆ తర్వాత ఏదీ దాచకుండా చూపించాడు.

ట్యాంకు తెరవకముందే సెండరు వైరు ఊడదీశాడు. దాన్ని బాడీకి తాకిస్తే ముల్లు ఒక కొసకు పోయింది, వదిలేస్తే ఇంకో కొసకు. అంటే ముల్లు మంచిదే. దానికి కబురు అందించేదే చెడింది. తర్వాత బ్యాటరీ తీగ తీసేసి, పెట్రోలు క్యానులోకి వంపి, ట్యాంకు కిందికి దించాడు. చుట్టుపక్కల ఎవరినీ బీడీ వెలిగించనివ్వలేదు.

సెండరు అంటే పెద్ద యంత్రమేమీ కాదు. సన్నని చేతికి ఒక ఫ్లోటు. పెట్రోలుతో పాటు అది లేస్తుంది, దిగుతుంది. చేయి కదిలితే తీగ చుట్టిన పట్టీ మీద చిన్న రేకు నాలుక జారుతుంది. ఆ జారుడును బట్టి కరెంటు పెరిగి తగ్గి ముల్లు కదులుతుంది. మా దాంట్లో కీలు తుప్పు పట్టి చేయి సగం ఎత్తులో బిగుసుకుపోయింది. ఫ్లోటును చెవి దగ్గర పెట్టి ఊపి చూడమన్నాడు. లోపల చప్పుడు లేదు, అంటే చిల్లి లేదు. కీలు కడిగి, పట్టీని మెత్తగా తుడిచి, ఎర్తు తగిలేచోట తుప్పు గీకాడు.

రెండో జబ్బు జాలీది. పెట్రోలు పీల్చే గొట్టం కొసనున్న జాలీ నిండా ఎర్రని మడ్డి. బండి పరుగెడుతుంటే ఆ మడ్డి జాలీకి అంటుకుని దారి మూస్తుంది. ఆగితే జారిపోతుంది. పది నిమిషాల రహస్యం అదీ. 2023 నుంచి బంకుల్లోకి వస్తున్న 20 శాతం ఇథనాల్ పెట్రోలు నీటిని పీల్చుకుంటుంది, పాత మడ్డిని కదిలిస్తుంది. వారానికోసారి కదిలే ఇనుప ట్యాంకుకు అది ఇంకా కష్టం. జాలీని బ్రష్షుతో కడగడం నా చేత్తో నేనే చేశాను.

ఆ మాటకొస్తే ఇది కొత్త పనేమీ కాదు. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని, భర్తకు చెప్పకుండా, మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు కారు నడిపింది. దారిలో ఇంధనం గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి బాగుచేసుకుంది. ఆ వర్క్‌షాపును నిలబెట్టిన డబ్బు ఆమె కట్నానిదే. కారు మీద పేరు మాత్రం భర్తది.

బిగించే ముందు సెండరుకు వైరు, ఎర్తు తగిలించి, ట్యాంకుకు దూరంగా పట్టుకుని చేయి ఎత్తి దించాడు మెకానిక్కు. నేను డ్రైవరు సీట్లో కూర్చుని చెప్పాను: "సగం... పావు... ఖాళీ..." ఇన్నేళ్లలో ఆ ముల్లు కదలడం చూడటం అదే మొదలు. తర్వాత బంకులో ఐదేసి లీటర్లు పోయించుకుంటూ ముల్లు ఎక్కడుందో కాగితం మీద రాసుకున్నాను. నాన్న మనసులో ఉండిన లెక్క ఇప్పుడు డ్యాష్‌బోర్డు అరలో ఉంది. ఎవరైనా చదువుకోవచ్చు.

నెల తిరిగాక అమ్మను నల్లగొండలో దింపడానికి అదే దారిన వెళ్తున్నాను. కాగితం అమ్మకు చూపించి, ముల్లు ఏం చెప్తోందో చదవమన్నాను. "పావు" అంది. ఇంకా పోవచ్చు అన్నాను. ఆమె కాగితం మడిచి అరలో పెట్టింది. కాసేపటికి అంది:

"బంకు కాడ ఆపు బిడ్డా. నేను బాత్రూముకు పోవాలె. నీళ్ల సీస గూడ కొను, దూపైతుంది."