గుడ్డకు తగిలే పోగు

19 నవంబర్ 2021, చింతామణి

వాన విడవలేదు. చెరువులు మరవ పారుతున్నాయంట. ఇన్నేండ్లకు. టమాట కిలో నూరు దాటింది, కోసేవాడికి మాత్రం తోటలోనే కుళ్ళిపోతోంది.

బాగేపల్లి నుంచి తమ్ముడు ఫోన్ చేసినాడు. చిత్రావతి చూడను జనం వంతెన మీద నిలబడినారంట. నువ్వు పోవద్దురా అన్నా. పోయే ఉంటాడు.

అక్కడ దాటిన నీళ్ళే కింద చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర కారును పట్టుకున్నాయి. కారు కోసం జేసీబీ దిగింది. అదీ ఇరుక్కుంది. నట్టేట్లో పదిమంది. మి-17 హెలికాప్టర్ వచ్చి పదిమందినీ ఎత్తుకుపోయింది. టీవీలో మళ్ళీ మళ్ళీ అదే చూపిస్తున్నారు. ఇంట్లో అందరూ మనుషుల్ని చూసినారు. నా కళ్ళు వాళ్ళను ఎత్తే ఉక్కు తాడు మీదే ఉండిపోయినాయి.

"వాయుసేనలో మీరు పనిచేసింది దీని మీదేనా?" అని నా భార్య అడిగింది. కాదు, నాది మి-8. దానికి తోక పంకా కుడి పక్క ఉంటుంది, దీనికి ఎడమ పక్క. "ఏ పక్క ఉంటే ఏమి, ఎత్తింది కదా" అంది.

అవును. ఎత్తింది.

20 నవంబర్

రాత్రి నిద్ర పట్టలేదు. ఆ తాడు బురద నీళ్ళు తాగింది. అట్లనే చుట్టి పెడితే పోగుల మధ్య ఇసుక నిలిచిపోతుంది. పొద్దునకల్లా ఎవరో ఒక కార్పొరల్ హ్యాంగర్ నేల మీద తాడంతా విప్పి, మంచినీళ్ళతో కడిగి, తుడిచి, తోలు తొడుగు వేసుకున్న చేత్తో నూలుగుడ్డ పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి ఉండాలి. చిన్నగా. గుడ్డలో దారం లాగినట్టు అనిపిస్తే ఆగాలి. అక్కడ పోగు తెగింది. కంటికి కనపడదు. గుడ్డకు తగులుతుంది.

నాకు నేర్పించినాయన ఒక పంజాబీ సార్జెంటు. నన్ను కళ్ళు మూసుకోమనేవాడు. తిట్టు లేకుండా మాట రాదు ఆయనకు. గుడ్డ వేగంగా లాగితే ఆ తిట్లు మూడు తరాలకు తగిలేవి.

టీవీవాళ్ళు ఇయ్యాల వేరే వార్తకు పోయినారు.

8 డిసెంబర్

కూనూరు దగ్గర హెలికాప్టర్ కూలింది.

మి-17 వి-5. సూలూరు నుంచి వెల్లింగ్టన్‌కు. త్రిదళాధిపతి జనరల్ రావత్, ఆయన భార్య. పదమూడు మంది పోయినారంటున్నారు. ఒక గ్రూప్ కెప్టెన్ మిగిలినాడు.

ఫోన్ మోగుతూనే ఉంది. "మెషీన్‌లో ఏమైంది సార్?" అని పాత వాళ్ళూ, "ఏమైంది మామా?" అని చుట్టాలూ. నాకెట్లా తెలుస్తుంది? నేను చింతామణిలో అనపకాయలు పితుకుతా కూర్చున్నా.

కానీ చేతులు వణికినాయి. పితికిన పప్పు నేల మీద పోసేసినా.

12 డిసెంబర్

పోయినవాళ్ళ పేర్లు పేపర్లో మొత్తం చదివినా. ఇద్దరు జూనియర్ వారంట్ ఆఫీసర్లు. రాణా ప్రతాప్ దాస్, ఒడిశా. ప్రదీప్, త్రిశ్శూరు. ప్రదీప్ ఫ్లైట్ గన్నర్. 2018 కేరళ వరదల్లో మనుషుల్ని ఎత్తినవాడు.

నా ర్యాంకే. నా కంటే చిన్నవాళ్ళు.

సాయితేజను ఈరోజు ఇంటికి చేర్చినారు. లాన్స్ నాయక్, పారా కమాండో. కురబలకోట మండలం ఎగువరేగడ. మన మదనపల్లె పక్కనే. గుర్తు పట్టను డీఎన్ఏ చూడాల్సి వచ్చిందంట. ఆ ఇంట్లో వాళ్ళకు ఈ మాట ఎవరు చెప్పి ఉంటారు? ఎట్లా చెప్పి ఉంటారు?

వీధి చివర టీ అంగడిలో ఒకడు, "నట్టు ఏదో సరిగ్గా బిగించి ఉండరు" అన్నాడు. టీ సగం వదిలేసి వచ్చేసినా.

17 డిసెంబర్

యలహంకలో మి-8కి వీడ్కోలు ఇచ్చి నాలుగేండ్లు. 1971లో మొదలయి 2017 దాకా నడిచింది. నూటికి పైన వచ్చినాయి దేశానికి. అప్పటి వాయుసేన చీఫ్ ధనోవా వచ్చినాడు ఆరోజు. నీళ్ళ ఫిరంగులు, ఫోటోలు.

నాకు గుర్తుండేది అది కాదు. ఆ రెక్కల మొదట్లో చిన్న గాజు బుడ్డి ఉంటుంది. రెక్క లోపలి దూలంలో గాలి నింపి పెడతారు. పగులు పడితే గాలి దిగిపోతుంది, బుడ్డిలో ఎర్ర పట్టీ కనపడుతుంది. అయిదు రెక్కలు, అయిదు బుడ్డీలు. ప్రతి పొద్దున పైకెక్కి చూడటం. ఎరుపు లేదు, ఎరుపు లేదు, ఎరుపు లేదు... ఇప్పటికీ దేవుడికి దణ్ణం పెట్టుకునేటప్పుడు మనసులో అదే నడుస్తుంది. ఆమెకు చెప్పలేదు.

గ్రూప్ కెప్టెన్ వరుణ్ సింగ్ కూడా మొన్న పోయినాడు.

14 జనవరి 2022

కూనూరు విచారణ సంగతి వాయుసేన చెప్పింది. యంత్రంలో లోపం కాదు. విద్రోహం కాదు. నిర్లక్ష్యం కాదు. లోయలో వాతావరణం ఒక్కసారిగా మారి మబ్బుల్లోకి పోయింది, పైలట్‌కు దిక్కు తెలియకుండా అయింది, కొండకు తగిలింది.

చదివినాక ఊపిరి వచ్చింది. నెల పైన పట్టి ఉన్నది ఏదో వదిలింది.

తర్వాత సిగ్గేసింది. పద్నాలుగు మంది పోయిన దానికి ఊపిరి రావడమేమి? పైలట్ పిల్లలు ఇదే కాగితం చదువుతారు కదా.

అయినా... ఎగరచ్చని రాసే ఫారం 700 మీద ఆ పొద్దున సంతకం పెట్టినవాడు ఒకడు ఉంటాడు. ఈ రాత్రి వాడు అన్నం తింటాడు.

ఆమె ముగ్గుకు రంగులు తెమ్మంది. మర్చిపోయినా. మళ్ళీ పోయినా.

30 జనవరి, చిక్కబళ్ళాపురం

కూతురింట్లో. మనవడు ఎయిర్‌మెన్ పరీక్షకు చదువుతాడంట. వాళ్ళమ్మ నన్నే చూస్తాంది, వద్దని చెప్పమని. వాడూ నన్నే చూస్తాన్నాడు, సరే అనమని.

"తాతా, నువ్వు ఎంతమందిని కాపాడినావు?"

"నేనెవరినీ కాపాడలేదురా. హెలికాప్టర్ సరిచేసినా."

వాడి మొహం చిన్నబోయింది. 2004 సునామీ గురించి చెప్పి ఉండచ్చు. కార్ నికోబార్‌లో మన మి-8లు ఏం చేసినాయో ఏ పుస్తకం తీసినా ఉంటుంది. కానీ సముద్రం పక్కన మాకు ప్రతిరోజూ ఉండే పని ఉప్పు కడగడం. ఇంజన్ కడుగు, తాడు కడుగు, ఆరబెట్టు, నూనె పట్టించు, మళ్ళీ రేపు. ఇది వింటే పిల్లోడు నిద్రపోతాడు.

20 ఫిబ్రవరి, చిక్కబళ్ళాపురం

మిద్దె మీద ఉన్నా. ముందు చప్పుడు. చూడకుండానే చెప్పినా, మి-17 అని. మనవడు పరిగెత్తుకుని వచ్చినాడు.

నంది పక్కన బ్రహ్మగిరి బండల్లో ఒక పిల్లోడు పడినాడంట. పంతొమ్మిదేండ్లు. మూడు వందల అడుగులు జారి ఒక బండ అంచు మీద నిలిచినాడు. కింద నుంచి ఎక్కేదానికి దారి లేదు, పై నుంచి దిగేదానికి లేదు. జిల్లా డీసీ యలహంక ఎయిర్‌ఫోర్స్ వాళ్ళకు కబురు పెట్టినారు. హెలికాప్టర్ వచ్చింది. ఫ్లైట్ గన్నర్ తాడు మీద ఆ పిల్లోడి పక్కకు దిగినాడు. పిల్లోడు బతికినాడు.

ఇంట్లో అందరూ చప్పట్లు. నేను లెక్కలు వేస్తాన్నా. రెక్కల చుట్టు అడ్డంగా 21 మీటర్లు. పక్కనే నిలువు బండ. రెక్కల గాలి బండకు కొట్టుకుని తిరిగి మీదికే వస్తుంది. కింద ఉన్నవాడు పైలట్‌కు కనపడడు. తలుపు దగ్గర మోకాళ్ళ మీద ఉన్నవాడు చెప్పాలి. ముందుకు మూడు. కుడికి ఒకటి. నిలుపు. నిలుపు. అందుకే ఎండల్లో ఖాళీ మైదానంలో ఇసుక మూటను దించి, ఎత్తి, దించి, ఎత్తి... చూసేవాళ్ళకు పిచ్చి పని.

21 ఫిబ్రవరి

మనవడు అడిగినాడు, "తాడు దిగంగానే కింద ఉన్నోడు ఎగిరి పట్టుకోవచ్చు కదా?"

పట్టుకోకూడదు. గాల్లో రెక్కలు తిరిగితే మెషీన్ ఒంటికి కరెంటు పడుతుంది. కొక్కెం ముందు నేలకు తగలాలి, ఆ కరెంటు దిగిపోవాలి, ఆ తర్వాతే మనిషి చెయ్యి. లేకుంటే తన్ని పడేస్తుంది.

"మరి తాడు చెట్టుకు చిక్కుకుంటే?"

కోసేస్తారు. మందుగుండుతో కోసే ఏర్పాటు ఉంటుంది.

"మనిషి ఉంటే?"

నేను చెప్పలేదు. వాడు మళ్ళీ అడగలేదు. ఇంతసేపు మేమిద్దరం మాట్లాడుకుని ఎన్నాళ్ళయిందో.

12 ఏప్రిల్, చింతామణి

జార్ఖండ్, దేవ్‌ఘర్. త్రికూట కొండ మీద రోప్‌వే. శ్రీరామనవమి రోజు ఆగిపోయింది, డబ్బాల్లో జనం, కింద లోయ. మి-17లు పోయినాయి. గరుడ్ కమాండోలు ఒక్కొక్క డబ్బాలోకి దిగి ఎత్తుతున్నారు. చాలామందిని దించినారు.

నిన్న ఒకాయన హెలికాప్టర్ తలుపు దాకా వచ్చినాడు. తలుపు దాకా. అక్కడి నుంచి పడినాడు. ఈరోజు ఒక ఆమె.

మనవడు వీడియో పంపినాడు. తెరిచినా. మూసేసినా. మళ్ళీ తెరిచినా.

బెల్టా? కొక్కెమా? చెయ్యి జారిందా? ఎవరికీ ఏమీ తెలియకముందే అందరికీ తెలిసిపోయింది. టీ అంగడివాడికి కూడా. ఈసారి లేచి రాలేదు. కూర్చుని చెప్పినా, నీకు తెలియదప్పా, నాకూ తెలియదు, తెలిసేదాకా నోరు మూసుకుందాం అని. అందరూ అట్లనే నిలబడిపోయినారు.

రాత్రి అదే ఆలోచన. ఆ తలుపు దగ్గర చెయ్యి చాపినవాడు. ఆ చేతిని ఇప్పుడు ఎట్లా చూసుకుంటాడు?

14 జూన్

సైన్యంలో చేర్చుకునే కొత్త పద్ధతి, అగ్నిపథ్ అంట. నాలుగేండ్లు. ఆ తర్వాత నూటికి ఇరవై అయిదు మందిని పెట్టుకుంటారు, మిగతావాళ్ళు ఇంటికి.

తాడు ఎత్తే వించి చూసి నేనొక్కడినే సంతకం పెట్టచ్చని పైవాళ్ళకు నమ్మకం కుదిరేసరికి నాకు పెండ్లయి కూతురు పుట్టింది. ఇప్పటి పిల్లలు చురుకు, త్వరగా నేర్చుకుంటారేమో. అయి ఉండచ్చు. గుడ్డ మాత్రం ఎప్పటి వేగంతోనే పోవాలి కదా.

ఏమని చెప్పేది మనవడికి?

17 జూన్

అగ్నిపథ్ వద్దని సికింద్రాబాద్ స్టేషన్‌లో రైళ్ళు తగలబెట్టినారు. పోలీసు కాల్పుల్లో ఒక పిల్లోడు పోయినాడు. సైన్యంలో చేరాలని గ్రౌండ్‌లో పరిగెత్తినవాడే.

కూతురు ఫోన్లో ఏడుస్తాంది. మనవడు గదిలో తలుపు వేసుకున్నాడంట.

24 జూన్

వాయుసేనకు అప్లికేషన్లు తెరిచినారు. మనవడు నింపేసినాడు. నన్ను అడగలేదు. నింపినాక చెప్పినాడు. మంచిదే.

26 జూన్, బాగేపల్లి

తమ్ముడి తోటలో బోరు మోటారు కాలింది. వెయ్యి అడుగులు దాటిన బోరు. ఎత్తేవాళ్ళు మూడుకాళ్ళ వించి తెచ్చుకున్నారు. మనవడూ వచ్చినాడు నాతో, బస్సులో ఒక్క మాట లేకుండా.

వాళ్ళు తాడు విప్పుతుంటే చూసినా. వద్దనుకున్నా. నోరు ఆగలేదు. "ఒక్క నిమిషం అప్పా." నా పాత పంచె చింపి మనవడి చేతిలో పెట్టినా. ఆ కొస నుంచి ఈ కొసకు, చిన్నగా పో అన్నా. వాడు నడిచినాడు. వేగంగా పోయినాడు. మళ్ళీ మొదటి నుంచి పొమ్మన్నా. పంజాబీ సార్జెంటు మాట నోటిదాకా వచ్చింది, మింగినా.

రెండోసారి సగంలో ఆగినాడు. "తాతా, లాగుతాంది."

వంగి చూస్తే మూడు పోగులు. పక్కనే ఇంకోటి, తుప్పు.

వించి ఆయన నవ్వినాడు. "మిలిట్రీ సార్, ఇది పదేండ్లుగా ఇట్లనే ఉండాది. ఎత్తేది మోటారునే కదా, మనిషిని కాదు కదా."

"మోటారు కింద మీ పిల్లోడు నిలబడి పైపు పట్టుకునేది లేదా?"

ఆయన ఆ పిల్లోడి వైపు చూసినాడు. పదహారో పదిహేడో ఉంటాయి. కొంచెంసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత రోజు కూలీ ఎవరిస్తారని గొడవ. సగం నేనిచ్చినా. తమ్ముడికి కోపం. టమాట నారుకు నీళ్ళు లేవు, నువ్వు వచ్చి తాడు పరీక్ష పెట్టినావు అన్నాడు. వాడిది తప్పు కాదు. నారు వాడిపోతే ఎవరు ఇస్తారు?

మనవడిని ఎక్కడ తెగిందో కొలిచి రాయమన్నా. కొక్కెం నుంచి నలభై రెండు అడుగులు. తారీఖు వెయ్యమన్నా. కింద పేరు పెట్టమన్నా.

"ఇంకొకరి తాడుకు నా పేరెందుకు?"

"చూసింది నువ్వు కదా."

పెట్టినాడు. కొత్త తాడు రేపు తెస్తామన్నారు. వస్తారో రారో. తమ్ముడు ఇంకా మాట్లాడటం లేదు. పక్క తోట ఆయనను ట్యాంకర్ అడిగినా, పొద్దునకు చూస్తానన్నాడు.